పెట్టుబడి ఒకరిది, కష్టం ఒకరిది: ఒక మేత దుకాణం భాగస్వామ్య ఒప్పందం ఎలా రాశాం

భీమవరం దగ్గర రొయ్యల చెరువులకు మేత, మందులు అమ్మే ఒక దుకాణానికి 2025 మార్చిలో పార్ట్‌నర్‌షిప్ డీడ్ తయారు చేశాను. నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. భాగస్వాములు ఇద్దరూ పదో తరగతి దాకా ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితులు. వాళ్ళ అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టకుండా అంకెలు కొంచెం మార్చాను, పేర్లు రాయడం లేదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అతన్ని ఇంజనీరు అంటాను. మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేసి, చుట్టుపక్కల ప్రతి చెరువు గట్టూ తిరిగిన అతన్ని టెక్నీషియన్ అంటాను.

వాళ్ళ ప్లాన్ సూటిగానే ఉంది. ఇంజనీరు 24 లక్షలు పెడతాడు, ఉద్యోగం మానడు. టెక్నీషియన్ 6 లక్షలు పెడతాడు, నెలకు 40 వేలు వచ్చే ఉద్యోగం మానేసి దుకాణంలో కూర్చుంటాడు. పైన బ్యాంకులో 25 లక్షల సీసీ లిమిట్ (అవసరమైనప్పుడు వాడుకుని తిరిగి కట్టే వ్యాపార అప్పు) తీసుకుంటారు, దానికి తనఖా టెక్నీషియన్ నాన్నగారి ఇల్లు. రోడ్డు పక్కన టెక్నీషియన్ పేరున ఉన్న గోడౌన్‌ను దుకాణానికి వాడుకుంటారు. లాభం ఫిఫ్టీ ఫిఫ్టీ. "మా మధ్య లెక్కలేంటి సార్, రెండు పేజీలు రాసి స్టాంపు పేపరు మీద కొట్టించండి, బ్యాంకోళ్ళు అడుగుతున్నారు" అన్నాడు టెక్నీషియన్.

నా దగ్గరికి వచ్చే స్నేహితుల భాగస్వామ్యాల్లో నూటికి తొంభై ఈ మాటతోనే మొదలవుతాయి. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఫిఫ్టీ ఫిఫ్టీ అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి: పెట్టిన డబ్బు, చేసే పని, మోసే రిస్కు. ఈ మూడింటికీ విడివిడిగా ధర కట్టి, ఆ తర్వాత మిగిలినదాన్ని మాత్రమే చెరిసగం చేసుకోమన్నది నా సలహా. డీడ్ మొత్తం దాని చుట్టూనే రాశాం.

ముందుగా వాళ్ళిద్దరికీ ఒక లెక్క వేసి చూపించాను. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టంలో 13వ సెక్షన్ ఉంది. డీడ్‌లో వేరేగా రాసుకోకపోతే పని చేసే భాగస్వామికి జీతం ఉండదు. ఎవరు ఎంత పెట్టినా లాభనష్టాలు సమానమే. లాభం సమానం అన్నంత వరకు ఇద్దరూ తలూపారు. నష్టం కూడా సమానమే అన్నప్పుడే అసలు సంగతి బయటపడింది.

వ్యాపారం మునిగి, ఇద్దరూ పెట్టిన 30 లక్షలూ పోయాయనుకోండి. ఫిఫ్టీ ఫిఫ్టీ ప్రకారం ఒక్కొక్కరు 15 లక్షల నష్టం భరించాలి. ఇంజనీరు 24 పెట్టాడు కాబట్టి అతనికి 9 లక్షలు తిరిగి రావాలి. టెక్నీషియన్ పెట్టింది 6 కాబట్టి ఇంకో 9 లక్షలు జేబులోంచి తీసి ఇవ్వాలి. అంటే దుకాణం మూతపడి, చేతిలో ఉద్యోగం లేని రోజున టెక్నీషియన్ తన స్నేహితుడికి 9 లక్షలు బాకీ. ఈ లెక్క కాగితం మీద చూశాక ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేదు. ఇంజనీరే ముందు తేరుకుని "వాడి దగ్గర నేను తీసుకోను సార్" అన్నాడు. తీసుకోడని నాకూ తెలుసు. కానీ ఆ మాట డీడ్‌లో ఉండాలి. ఎందుకంటే రేపు అడిగేది ఇంజనీరు కాకపోవచ్చు, అతని వారసులు కావచ్చు.

అందుకే నష్టాన్ని లాభం నుంచి విడదీశాం. పెట్టుబడి కరిగిపోయేంత వరకు నష్టం 80:20, అంటే పెట్టిన డబ్బు నిష్పత్తిలోనే. అప్పుడు 30 లక్షలూ పోతే ఎవరి డబ్బు వాళ్ళకు పోతుంది, ఒకరికొకరు బాకీ ఉండరు. పెట్టుబడి దాటి అప్పు మిగిలితే అది చెరిసగం. ఇక్కడ టెక్నీషియన్ నాన్నగారి ఇల్లు ముందుకొచ్చింది. పైకి చూస్తే ఇంజనీరుదే పెద్ద పెట్టుబడి. కానీ బ్యాంకు అప్పు తీరకపోతే మొదట వేలానికి వచ్చేది ఆ పెద్దాయన ఇల్లే, ఇంజనీరు ఫ్లాటు కాదు. వ్యాపారంతో ఏ సంబంధం లేని మనిషి అన్నిటికంటే పెద్ద రిస్కు మోస్తున్నాడు, ఆయనకు లాభంలో వాటా లేదు. కాబట్టి ఆ ఇల్లు బ్యాంకు అప్పుకు పోతే సంస్థ ఆస్తుల్లోంచి భాగస్వాముల పెట్టుబడి కంటే ముందు ఆయన బాకీ తీర్చాలని, తీరకుండా మిగిలినదాంట్లో సగం ఇంజనీరు ఏడాదిలోపు ఇవ్వాలని రాశాం. ఈ క్లాజుకు ఇంజనీరు ఒక రోజు టైమ్ అడిగాడు, మర్నాడు ఒప్పుకున్నాడు. ఆ ఒక్క రోజు ఆలోచించడం నాకు నచ్చింది. అడిగిన ప్రతిదానికీ తలూపే భాగస్వామిని చూస్తే నాకు టెన్షన్.

గోడౌన్ విషయం చిన్నదిగానే కనిపించింది కానీ దాన్నీ వదల్లేదు. టెక్నీషియన్ దాన్ని కూడా పెట్టుబడి కింద రాసేయమన్నాడు. వద్దన్నాను. ఒకసారి సంస్థలో పెట్టుబడిగా పెట్టిన ఆస్తి సంస్థదే అవుతుంది, ఫలానా గోడ నాది అని ఏ భాగస్వామీ వేలు పెట్టి చూపలేడు. ఈ సంగతిని సుప్రీంకోర్టు 1966లో తేల్చి చెప్పిన అద్దంకి నారాయణప్ప కేసు మన రాష్ట్రానిదే. బియ్యం మిల్లు, వేరుశనగ కాయల వ్యాపారం కలిసి చేసిన రెండు కుటుంబాలు 1936లో ఒక కరారు రాసుకుని విడిపోయాయి. ఆ కాగితం చెల్లుతుందా లేదా అన్న గొడవ ముప్పై ఏళ్ళ తర్వాత ఢిల్లీలో ముగిసింది. మన గోడౌన్‌కు అంత కథ అక్కర్లేదు. నెలకు 8 వేల అద్దెకు సంస్థకు ఇచ్చినట్టు విడిగా అగ్రిమెంట్ రాయించాను. దుకాణం ఉన్నా పోయినా గోడౌన్ అతనిదే.

ఇక జీతం, వడ్డీ. వాళ్ళ అంచనా ప్రకారం బాగా నడిచిన ఏడాదిలో ఖర్చులన్నీ పోను 12 లక్షలు మిగులుతాయి. ఫిఫ్టీ ఫిఫ్టీ అయితే చెరి 6 లక్షలు. నేను ఇలా విడగొట్టాను. ఇద్దరి పెట్టుబడికీ 12 శాతం వడ్డీ: ఇంజనీరుకు 2,88,000, టెక్నీషియన్‌కు 72,000. టెక్నీషియన్‌కు అతను వదులుకున్న జీతమే, నెలకు 40 వేల చొప్పున 4,80,000. మిగిలిన 3,60,000 చెరిసగం, తలా 1,80,000. పన్నుకు ముందు లెక్కలో, మొత్తం మీద ఇంజనీరుకు 4,68,000, టెక్నీషియన్‌కు 7,32,000. ఇంజనీరు ఆ కాగితం చూసి వెంటనే "ఇదే కరెక్టు" అన్నాడు. పని చేయకుండా 6 లక్షలు తీసుకుంటే రెండో ఏడాదికే స్నేహితుడి మొహంలోకి చూడలేకపోయేవాణ్ణన్నాడు.

ఇందులో పన్ను లెక్క కూడా కలిసొచ్చింది. సంస్థ లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్, వెరసి 31.2 శాతం. డీడ్‌లో జీతం, వడ్డీ లేకపోతే 12 లక్షల మీద 3,74,400 కట్టాలి. జీతం, వడ్డీ ఖర్చు కింద పోతే 3,60,000 మీద 1,12,320 కడితే చాలు. ఆ జీతం, వడ్డీ మీద భాగస్వాములు తమ స్లాబు ప్రకారం పన్ను కట్టుకోవాలి, అది నిజమే. ఇంజనీరుకు పెద్ద స్లాబు పడుతుంది, టెక్నీషియన్‌కు కొత్త విధానంలో రిబేటు వల్ల ఏమీ పడదు. పన్ను కట్టాక పంచుకునే లాభం మీద మాత్రం భాగస్వామికి మళ్ళీ పన్ను లేదు. దీనికి మూడు షరతులు గుర్తుంచుకోవాలి. జీతం, వడ్డీ డీడ్‌లో రాసి ఉండాలి, డీడ్ తేదీకి ముందు కాలానికి చెల్లవు. వడ్డీ 12 శాతం దాటితే పైది ఖర్చు కింద ఒప్పుకోరు. జీతానికి కూడా లాభాన్ని బట్టి పరిమితి ఉంది: మొదటి 6 లక్షల లాభం మీద 90 శాతం లేదా 3 లక్షలు, ఏది ఎక్కువైతే అది, ఆపైన 60 శాతం. ఈ వెసులుబాటు పని చేసే భాగస్వామికే, ఇంటి దగ్గర కూర్చున్న భాగస్వామికి జీతం రాస్తే చెల్లదు. 2025 ఏప్రిల్ 1 నుంచి భాగస్వాములకు ఇచ్చే జీతం, వడ్డీ ఏడాదికి 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కూడా కోయాలి. వీళ్ళ వ్యాపారం మొదలైంది కూడా సరిగ్గా ఆ రోజే.

బాగా నడిచిన ఏడాదికి లెక్క ఎవరైనా వేస్తారు. సరిగా నడవని ఏడాదికి ఎవరు ముందు తీసుకుంటారు అన్నదే అసలు ప్రశ్న. నా వరస ఇది: ముందు టెక్నీషియన్ ఇంటి ఖర్చులకు నెలకు 25 వేలు, ఎట్టి పరిస్థితుల్లోనూ. తర్వాత ఇద్దరి పెట్టుబడికీ వడ్డీ. ఆ తర్వాత టెక్నీషియన్ జీతంలో మిగిలిన నెలకు 15 వేలు, ఏడాది చివర ఒకేసారి. అవన్నీ పోయాకే లాభం. ఏడాదికి 3 లక్షలు అన్న అంకె ఊరికే పెట్టలేదు. నష్టం వచ్చిన ఏడాదిలో కూడా పన్ను చట్టం ఒప్పుకునే జీతం అంతే. వడ్డీ లాభంలోంచే తప్ప అసలులోంచి ఇవ్వకూడదు. తక్కువైన వడ్డీ రెండేళ్ళ దాకా ముందుకు జరుగుతుంది, ఆ తర్వాత రద్దు. ఇంజనీరు ఎన్నేళ్ళయినా జరగాలన్నాడు, టెక్నీషియన్ అసలు జరగకూడదన్నాడు. రెండేళ్ళ దగ్గర కలిశారు.

ఏ రకం సంస్థ పెట్టాలన్న చర్చ త్వరగానే తేలింది. ప్రైవేట్ లిమిటెడ్ అయితే గౌరవంగా ఉంటుందని ఇంజనీరు ఆశ. ఈ సైజు వ్యాపారానికి ఆ ఖర్చు దండగ అని చెప్పాను. ఎల్‌ఎల్‌పీ, అంటే భాగస్వాముల బాధ్యతకు పరిమితి ఉండే భాగస్వామ్యం, గురించి మాత్రం నిజంగా ఆలోచించాం. మామూలు భాగస్వామ్యంలో ఒకరు చేసిన అప్పుకు ఇద్దరూ సొంత ఆస్తితో సహా బాధ్యులు, ఎల్‌ఎల్‌పీలో ఆ భయం లేదు. కానీ ఈ వ్యాపారానికి పెద్ద అప్పు ఇచ్చేవాళ్ళు ఇద్దరే, బ్యాంకు, మేత కంపెనీ. ఆ ఇద్దరూ భాగస్వాముల చేత సొంత గ్యారంటీ సంతకాలు పెట్టించుకునేవాళ్ళే. గ్యారంటీ సంతకం పెట్టాక ఎల్‌ఎల్‌పీ కాపాడేది హమాలీ బాకీ, ట్రాన్స్‌పోర్టు బాకీల నుంచే. అందుకే మామూలు సంస్థకే వెళ్ళాం. సంస్థ పేరున ఏ అప్పుకైనా ఇద్దరి సంతకం ఉండాలని బ్యాంకుకు రాసిచ్చాం. ఇంజనీరుకు వారసత్వ ఆస్తి బాగా ఉండి ఉంటే ఎల్‌ఎల్‌పీకే పట్టుబట్టేవాణ్ణి.

రిజిస్ట్రేషన్ విషయంలో మాత్రం నేను మెత్తబడను. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించడం చట్టం ప్రకారం తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. కానీ నమోదు కాని సంస్థ తనకు రావలసిన బాకీ కోసం బయటివాళ్ళ మీద దావా వేయలేదు, 69వ సెక్షన్ అడ్డుపడుతుంది. మేత వ్యాపారం మొత్తం అరువు మీదే నడుస్తుంది. రైతు చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన రోజు నుంచి రొయ్యల పట్టుబడి దాకా, మూడు నాలుగు నెలలు, మేత ఖాతాలోనే వెళుతుంది. సంస్థ పేరున రాయించుకున్న ప్రామిసరీ నోటు బీరువాలో ఉండి, దాని మీద కోర్టుకు వెళ్ళలేకపోతే ఆ నోటెందుకు?

అరువు మాట వచ్చింది కాబట్టి, ఈ డీడ్‌లో నేను ఎక్కువ టైమ్ పెట్టిన క్లాజు గురించి చెబుతాను. 30 లక్షల పెట్టుబడి గోడౌన్‌లో ఉండదు, చెరువుల్లో ఉంటుంది. ఎవరికి ఎంత అరువు ఇవ్వాలన్న నిర్ణయం రోజూ టెక్నీషియన్‌దే. పోతే 80 శాతం ఇంజనీరుది. పైగా టెక్నీషియన్ ఇక్కడే పుట్టి పెరిగినవాడు, సగం మంది రైతులు చుట్టాలు. బాబాయి వచ్చి "నాలుగు బస్తాలు పంపరా" అంటే కాదనగలడా? చట్టంలో ఉన్నదల్లా కావాలని చేసిన నిర్లక్ష్యానికి పరిహారం కట్టాలన్న మాటే. మొహమాటంతో ఇచ్చిన అరువు దాని కిందకు రాదు. అందుకే మేమే రాసుకున్నాం: ఒక రైతుకు ఒక పంటకు 3 లక్షల దాకా టెక్నీషియన్ ఇష్టం. అది దాటితే ఇంజనీరు వాట్సాప్‌లో ఓకే అనాలి. ఇద్దరిలో ఎవరి చుట్టాలకైనా మొదటి రూపాయి నుంచే ఓకే కావాలి. ఓకే లేకుండా ఇచ్చింది మునిగితే ఇచ్చినవాడి ఖాతాకు పడుతుంది. ప్రతి నెలాఖరుకూ రైతు ఖాతా పుస్తకంలో బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. టెక్నీషియన్‌కు ఇది నచ్చకపోయినా, చుట్టాల దగ్గర "నా చేతుల్లో లేదు, హైదరాబాద్ నుంచి ఓకే రావాలి" అని చెప్పుకోవచ్చని అర్థమయ్యాక తేలికపడ్డాడు.

సంతకాలకు ముందు భార్యలను కూడా రమ్మన్నాను. నా ఆఫీసులో ఇది ఆనవాయితీ. డీడ్ మొత్తం గట్టిగా చదివాం. పదహారో పేజీ దగ్గర ఇంజనీరు భార్య ఆపింది. "ఒక్క మాట అడుగుతానండి, ఏమీ అనుకోకండి. మావారికి ఏమైనా అయితే ఈ 24 లక్షలు నాకు ఎవరిస్తారు, ఎన్నాళ్ళకిస్తారు?" గదిలో ఇద్దరు మగవాళ్ళూ ఇబ్బందిగా కదిలారు. టెక్నీషియన్ "అదేంటి చెల్లెమ్మా, నేను లేనా" అన్నాడు. ఆవిడ "నువ్వున్నావు అన్నయ్యా, నువ్వున్నావు కాబట్టే అడుగుతున్నా. నీకేమైనా అయితే అక్క కూడా ఇదే అడగాలి కదా" అంది. ఆ రోజు నా ఆఫీసులో వినిపించిన మాటల్లో ఇంతకంటే తెలివైనది ఇంకోటి లేదు.

ఇద్దరే ఉన్న భాగస్వామ్యంలో ఒకరు పోతే సంస్థ ఉండదు. భాగస్వామి మరణించినా సంస్థ కొనసాగుతుంది అని డీడ్‌లో రాసుకున్నా, మిగిలింది ఒక్కరే అయితే ఆ మాట పనిచేయదని 1965లో సేఠ్ గోవిందరామ్ షుగర్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూడో భాగస్వామిని తీసుకోవడం ఒక దారి. కానీ ఎవరి తరఫు మనిషిని తీసుకున్నా తూకం ఆ పక్కకే ఒరుగుతుంది. కాబట్టి దుకాణాన్ని మిగిలిన భాగస్వామి తీసుకోవాలి, పోయినవారి లెక్క 60 రోజుల్లో తేల్చాలి, డబ్బు ఆరు త్రైమాసిక వాయిదాల్లో 12 శాతం వడ్డీతో ఇవ్వాలి అని రాశాం. టెక్నీషియన్ పోతే అసలు ఖాతాలు వసూలు చేసేవాడే ఉండడు. అందుకని అతని మీద సంస్థ పేరున 25 లక్షల టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకున్నాం. నెలాఖరు సంతకాల ఖాతా పుస్తకం విలువ కూడా అప్పుడే ఇద్దరికీ పూర్తిగా తెలిసింది.

ఎవరైనా బతికుండగానే తప్పుకుంటే లెక్క ఎలా కట్టాలో కూడా అక్కడే రాశాం. సరుకు కొన్న ధరకు. మూడు నెలల లోపు బాకీలు పూర్తి విలువకు, ఒక పంట దాటినవి సగానికి, ఏడాది దాటినవి సున్నాకు, తర్వాత వసూలైతే అప్పుడు పంచుకోవాలి. గుడ్‌విల్ (దుకాణం పేరుకు కట్టే విలువ) లేదు, ఎందుకంటే డీలర్‌షిప్ కంపెనీది, రైతుల నమ్మకం టెక్నీషియన్‌ది. తప్పుకున్నవాడు పోటీ దుకాణం పెట్టకూడదన్న షరతు మూడేళ్ళు ఉండాలని ఇంజనీరు అడిగాడు. సహేతుకమైన షరతును చట్టం ఒప్పుకుంటుంది. కానీ టెక్నీషియన్‌కు తెలిసిన పని ఇదొక్కటే, మూడేళ్ళు దాన్ని ఆపడం అన్యాయం అని గట్టిగా చెప్పాను. అదే పట్టణంలో ఒక ఏడాది అని రాశాం. గొడవ వస్తే ముందు ఇద్దరికీ పాఠం చెప్పిన లెక్కల మాస్టారి దగ్గర కూర్చోవాలి. అక్కడ తేలకపోతే 1996 చట్టం కింద ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు.

మొదటి ఏడాది పరీక్ష పెట్టింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచాక వీళ్ళ రైతుల్లో కొందరు ధర భయంతో సీడ్ తగ్గించారు. మేత అమ్మకం అనుకున్నంత లేదు. డిసెంబరులో రొయ్యలకు వైట్ స్పాట్ వైరస్ జబ్బు వచ్చి టెక్నీషియన్ బాబాయి చెరువు పోయింది. ఆయన ఖాతాలో 4,60,000 ఉంది. వాట్సాప్‌లో ఓకే లేదు. అర్జెంటుగా పట్టేసి అమ్మిన రొయ్యల్లోంచి 1,80,000 కట్టారు, 2,80,000 మిగిలింది. డీడ్ ప్రకారం మునిగినదంతా టెక్నీషియన్ ఖాతాకే. ఇంజనీరు ఫోన్ చేసి "వదిలేయండి సార్, మేం చూసుకుంటాం" అన్నాడు. వదిలేయడం మీ హక్కు, కానీ వదిలేసినట్టు రాయాలి అన్నాను. రాయకపోతే ఆ క్లాజు ఇక ఉన్నట్టా లేనట్టా అన్న అనుమానం తర్వాత వచ్చే ప్రతి అరువు మీదా ఉంటుంది. చివరికి సగం టెక్నీషియన్‌కు, సగం సంస్థకు అని ఒక పేజీ ఉత్తరం రాసి ఇద్దరూ సంతకం పెట్టారు. ఇది ఈ ఒక్క ఖాతాకే అన్న వాక్యం కూడా అందులో ఉంది. బాబాయి 2,80,000కు సంస్థ పేరున నోటు రాశారు, వసూలైనంతా అదే నిష్పత్తిలో వెనక్కి జమ అవుతుంది.

ఆ సగం కూడా పోను ఏడాది చివర 6,20,000 మిగిలింది. టెక్నీషియన్‌కు నెలకు 25 వేల చొప్పున 3 లక్షలు. మిగిలిన 3,20,000 వడ్డీకి: ఇంజనీరుకు 2,56,000, టెక్నీషియన్‌కు 64,000. తక్కువైన 40 వేల వడ్డీ ముందుకు జరిగింది. పంచుకోవడానికి లాభం లేదు, సంస్థ కట్టాల్సిన పన్నూ లేదు. మొదట అడిగినట్టు రెండు పేజీల ఫిఫ్టీ ఫిఫ్టీ డీడ్ రాసి ఉంటే ఇదే 6,20,000 మీద 1,93,440 పన్ను పోయి తలా 2,13,280 వచ్చేది. ఉద్యోగం వదులుకున్న మనిషికి ఏడాదంతా కలిపి అంతే దక్కేది.

రెండో ఏడాదికి అరువు క్లాజు మార్చాం. మనిషికి 3 లక్షలు అన్న పరిమితి రెండెకరాల రైతుకు ఎక్కువ, ఇరవై ఎకరాల రైతుకు తక్కువ. ఇప్పుడు పరిమితి ఎకరాల లెక్కన ఉంది. ఎకరాకు ఎంత, ఏ నెలలో ఎంత అన్నది టెక్నీషియనే పట్టిక వేసి తెచ్చాడు. చుట్టాల రూలు మార్చొద్దని కూడా అతనే అన్నాడు.